నెలలు నిండని బిడ్డ ఎన్‌ఐసీయూ నుంచి ఇంటికి ఎప్పుడొస్తుంది? అప్పటిదాకా అమ్మానాన్నలు చేయాల్సిందేమిటి?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో, ఉన్నంతకాలం ఫోన్ చేసిన ప్రతివాళ్లూ రెండే ప్రశ్నలు అడుగుతారు. బరువెంతకొచ్చింది? ఎప్పుడు పంపిస్తారట? ఈ రెండింటినీ ముడిపెట్టడంతోనే చిక్కొస్తుంది. బరువు ముఖ్యమే గానీ, ఒక్క బరువు చూసి డాక్టర్లు డిశ్చార్జ్ రాయరు. నాలుగు పనులు బిడ్డ తనంతట తాను చేయగలగాలి. మామూలు ఉయ్యాల మంచంలో పడుకోబెట్టినా ఒళ్లు చల్లబడకూడదు. ఊపిరి మధ్యలో ఆగకూడదు. పాలన్నీ ట్యూబ్ సాయం లేకుండా నోటితో తాగాలి. అలా తాగుతూ బరువు పెరగాలి. ఈ నాలుగూ వచ్చేసిన 1,800 గ్రాముల బిడ్డ ఇంటికి వెళ్లిపోవచ్చు. పక్క మంచంలోని 2,300 గ్రాముల బిడ్డ పాలు తాగేటప్పుడు నీలంగా మారుతోందని ఇంకో వారం ఉండిపోవచ్చు.

ఈ నాలుగు పనులకూ మెదడు, ఊపిరితిత్తులు, పేగులు ఎదగాలి. ఆ ఎదుగుదలను తొందరపెట్టే మందు లేదు. బిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీప్యాప్, పాలు పోసే ట్యూబ్ లాంటివన్నీ అది పూర్తయ్యేదాకా కాపు కాస్తాయి. అయితే ఆ ఎదుగుదలకు నేరుగా సాయపడేవి కొన్ని తల్లిదండ్రుల చేతుల్లో ఉన్నాయి. అమ్మ పాలు, ఛాతీ మీద వెచ్చదనం, బిడ్డ సైగలను కనిపెట్టగల చూపు. అద్దంలోంచి చూసి వెళ్లే చుట్టాల్లా ఉండిపోతే ఈ మూడూ బిడ్డకు అందకుండా పోతాయి.

ముందు వారాల లెక్క అర్థం చేసుకోండి

37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని కాన్పు కింద లెక్క. అందులోనూ 28 వారాల లోపు పుట్టినవాళ్లు, 28 నుంచి 32 లోపు, 32 నుంచి 37 లోపు పుట్టినవాళ్లు దాదాపు మూడు వేరువేరు ప్రయాణాలు చేస్తారు. పక్క ఇంక్యుబేటర్‌లోని బిడ్డతో పోల్చి చూసుకోవద్దని నర్సులు పదేపదే చెప్పేది ఇందుకే.

వార్డులో రెండు వయసులు వినిపిస్తాయి. ఒకటి పుట్టి ఎన్నాళ్లయిందన్నది. రెండోది పుట్టేనాటికి నిండిన వారాలకు ఆ తర్వాత గడిచిన వారాలు కలిపిన వయసు. 29 వారాలకు పుట్టి నాలుగు వారాలైన బిడ్డను డాక్టర్లు 33 వారాల బిడ్డ అంటారు. 'నెల రోజులైంది, ఇంకా పాలు తాగడం లేదేంటి' అన్న దిగులుకు జవాబు ఈ రెండో లెక్కలోనే ఉంది. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడింటినీ ఒక లయలో కలిపే నేర్పు 32, 34 వారాల మధ్య మొదలై ఆ తర్వాత కుదురుకుంటుంది. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలినంత తయారయ్యేది 34, 35 వారాలకే. ముందే పుట్టినంత మాత్రాన ఈ గడువులు ముందుకు జరగవు.

పెద్ద ఇబ్బందులేమీ లేని బిడ్డలు చాలామంది 35 నుంచి 37 వారాల మధ్య ఇంటికి వెళతారు. డాక్టరు ముందు చెప్పిన కాన్పు తేదీని గుర్తుగా పెట్టుకుంటే మనసు కుదుటగా ఉంటుంది. 28 వారాల లోపు పుట్టిన కొందరు ఆ తేదీ దాటాక కూడా ఉండాల్సి రావచ్చు.

అలారం మోగినప్పుడు

మానిటర్ మీద ముఖ్యంగా మూడు అంకెలు ఉంటాయి. గుండె వేగం సుమారు 120 నుంచి 160, ఊపిరి నిమిషానికి 40 నుంచి 60, రక్తంలో ఆక్సిజన్ శాతం. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు చాలా ఆస్పత్రుల్లో 90 నుంచి 95 మధ్య ఉంచుతారు. 'నూరుకు నూరు ఎందుకు పెట్టరు' అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. ఆక్సిజన్ ఎక్కువైతే కంటి వెనక ఇంకా ఎదుగుతున్న రెటీనా అనే పొరలోని రక్తనాళాలు దెబ్బతింటాయి. 1940, 50లలో ఇంక్యుబేటర్లలో అదుపు లేకుండా ఆక్సిజన్ ఇవ్వడం వల్ల వేలమంది పిల్లలు చూపు పోగొట్టుకున్నాక తెలిసొచ్చిన సంగతి ఇది. మరీ తక్కువైనా ప్రమాదమే కాబట్టి ఆ నడిమి గీత మీద నడిపిస్తారు.

ఊపిరి 20 సెకన్లు, అంతకుమించి ఆగినా, అంతకంటే తక్కువసేపే ఆగినా దాంతోపాటు గుండె వేగమో ఆక్సిజన్ శాతమో పడిపోయినా దాన్ని ఆప్నియా అంటారు. మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా పక్వానికి రాకపోవడమే ఇందుకు కారణం. దానికి కెఫీన్ మందు ఇస్తారు. అది ఆ భాగాన్ని మేలుకొలిపి ఉంచుతుంది. సాధారణంగా 33, 34 వారాలకు ఆపేస్తారు. ఐదు పది సెకన్లు ఆగి, తర్వాత గబగబా నాలుగు ఊపిర్లు తీసి, మళ్లీ కాసేపు ఆగడం వేరు. ఈ వయసు బిడ్డల్లో అది మామూలే.

అలారం మోగగానే మన కళ్లు తెర మీదికే పోతాయి. ముందు బిడ్డను చూడండి. పెదవులు, నాలుక గులాబీ రంగులో ఉన్నాయా, ఛాతీ కదులుతోందా? రంగు బాగుండి, కాళ్లు ఆడిస్తూ ఉంటే కాలికి చుట్టిన సెన్సర్ వదులై ఉండొచ్చు. అలారాల్లో చాలా భాగం ఇలాంటివే. రంగు మారుతుంటే నర్సు వచ్చి వీపు మీదో అరికాలి మీదో మెల్లగా తడుముతారు. చాలాసార్లు అంతటితోనే బిడ్డ ఊపిరి అందుకుంటుంది. ఆ తడమడం ఎలాగో చూపించమని అడిగి నేర్చుకోండి. ఇంటికి వెళ్లాక అలారం ఉండదు, ఈ చూపే పనికొస్తుంది.

డిశ్చార్జ్ దగ్గరపడ్డాక ఇక్కడే చాలామంది గుండె జారిపోతుంది. కెఫీన్ ఆపాక బిడ్డకు ఐదు నుంచి ఏడు రోజులు వరసగా ఊపిరి ఆగకూడదన్నది సాధారణ నియమం. నాలుగో రోజు ఒక్కసారి ఆగితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఏవి ఈ లెక్కలోకి వస్తాయన్నది ఆస్పత్రిని బట్టి మారుతుంది. పాలు తాగుతూ పొలమారి, తనంతట తానే తేరుకున్నదాన్ని కొన్నిచోట్ల వేరుగా చూస్తారు. అందుకే 'ఇక్కడ ఏది జరిగితే లెక్క మొదటికొస్తుంది?' అని ముందే అడిగి పెట్టుకోండి.

పాలు

నెలలు నిండని బిడ్డకు పేగులు ముఖ్యమైన ప్రమాద స్థానం. పేగు గోడ దెబ్బతిని కుళ్లే ఎన్‌ఈసీ అనే జబ్బు ఎన్‌ఐసీయూలో అందరూ భయపడే జబ్బుల్లో ఒకటి. అమ్మ పాలు తాగే బిడ్డల్లో అది తక్కువ. కాబట్టి పాలు తీయడం బాలింత చేసే అసలైన వైద్యం అనడంలో అతిశయోక్తి లేదు.

వీలైతే కాన్పయిన గంట లోపు, కనీసం ఆరు గంటల లోపు మొదలుపెట్టాలి. మొదటి ఒకటి రెండు రోజులు పంపుకంటే చెయ్యే నయం. ముర్రుపాలు చిక్కగా, చుక్కలుగా వస్తాయి. పంపు గొట్టాలకే అంటుకుని సగం పోతాయి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి, చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్లు వెనకగా రొమ్మును ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లను దగ్గరకు తెచ్చి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు, జారితే నొప్పి పుడుతుంది, పాలు రావు. వచ్చిన చుక్కను సిరంజితో పీల్చి పెట్టుకోవాలి. మొదటి రోజంతా కలిపి ఒకటి రెండు చెంచాలు వచ్చినా తక్కువేమీ కాదు. బిడ్డకు నోటితో ఏమీ ఇవ్వకూడదన్న రోజుల్లో కూడా సుమారు 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు బుగ్గల లోపలా రాయడానికి ఆ చుక్కలు పనికొస్తాయి.

ఆ తర్వాత 24 గంటల్లో కనీసం ఎనిమిది సార్లు పంపు చేయాలి. ఒక్కోసారి 15, 20 నిమిషాలు, ధార ఆగాక ఇంకో రెండు నిమిషాలు. రాత్రి ఎంత అలసటగా ఉన్నా ఐదు గంటలకు మించి ఎడం ఇవ్వకూడదు. 14వ రోజుకు రోజుకు 500 మిల్లీలీటర్లు దాటాలన్నది మంచి గురి. బిడ్డ తాగేది అప్పటికి రోజుకు యాభై అరవై మిల్లీలీటర్లే అయినప్పుడు ఇంత ఎందుకని చాలామందికి అనిపిస్తుంది. మొదటి రెండు వారాల్లో రొమ్ము ఎన్నిసార్లు ఖాళీ అయిందన్నదే తర్వాతి నెలల ఉత్పత్తిని చాలావరకు తేలుస్తుంది. బిడ్డ రోజుకు 300 తాగే వయసొచ్చాక అప్పుడు పెంచుదామంటే చాలా కష్టమవుతుంది.

పాలు తగ్గడానికి కారణాలు చాలాసార్లు చిన్నవే. రొమ్ము బరువెక్కినప్పుడే పంపు చేయడం, రాత్రి విడత వదిలేయడం, రొమ్ముకు ఆనించే పంపు గరాటు కొలత సరిపోకపోవడం. గరాటు గొట్టంలో చనుమొన ఒరుసుకుంటుంటే చిన్నదన్నమాట. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం ఎక్కువగా లోపలికి లాగేస్తుంటే పెద్దదన్నమాట. బిడ్డను ఛాతీ మీద పెట్టుకుని దించిన వెంటనే, లేదా ఇంక్యుబేటర్ పక్కనే కూర్చుని పంపు చేస్తే ఎక్కువ వస్తాయి. ఇంట్లో ఉంటే బిడ్డ ఫొటోనో, బిడ్డకు కప్పిన గుడ్డనో దగ్గర పెట్టుకోండి.

సీసా మీద పేరు, తేదీ, సమయం రాయాలి. తీసిన పాలు గది వేడిమిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయి. ఎన్‌ఐసీయూల్లో ఈ గడువు ఇంకా తక్కువగా పెట్టొచ్చు, వాళ్ల నియమమే పాటించండి. ఫ్రీజర్‌లో పెట్టినవి కరిగించాక 24 గంటల్లో వాడాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు. కొన్నిచోట్ల కాలేంత వేడెక్కి, పాలలోని రక్షణ గుణాలు పోతాయి. గోరువెచ్చటి నీళ్లలో సీసా నిలబెడితే చాలు. ఎంత ప్రయత్నించినా పాలు చాలకపోతే పాల బ్యాంకు నుంచి 62.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడి చేసి శుద్ధి చేసిన దాత పాలు ఇస్తారు. అందులో తల్లి తప్పేమీ లేదు. బిడ్డ ముందే వచ్చినప్పుడు పాలు పడటం ఆలస్యం కావడం సాధారణం.

ట్యూబ్‌లో పాలు ఎలా పెంచుతారో తెలిస్తే రోజువారీ మార్పులు కంగారు పెట్టవు. మొదట్లో కిలో బరువుకు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. అంటే కిలో బిడ్డకు రెండు గంటలకోసారి రెండు మిల్లీలీటర్ల లోపే. ఇది ఆకలి తీర్చడానికి కాదు, పేగుకు పని నేర్పడానికి. అప్పుడు అసలు పోషణ రక్తనాళంలోకి ఎక్కే ద్రవం నుంచి వస్తుంది. తట్టుకుంటే రోజుకు 20, 30 చొప్పున పెంచుతూ కిలోకు 150, 160 దాకా తీసుకెళతారు. అప్పుడు అదే బిడ్డ రెండు గంటలకు 13 మిల్లీలీటర్లు తీసుకుంటుంది. మధ్యలో ఫార్టిఫైయర్ పొడి కలుపుతారు. గర్భంలో చివరి మూడు నెలల్లో మాయ ద్వారా అందాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్, ప్రోటీన్ బిడ్డకు అందలేదు. ఆ లోటు ఒక్క పాలతో పూడదు కాబట్టి ఆ పొడి. పాలు పలచగా ఉన్నాయని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పొట్ట బిర్రుగా ఉబ్బడం, ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, బిడ్డ ఒక్కసారిగా నీరసించడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సుకు చెప్పాలి. ఎన్‌ఈసీ అనుమానం రాగానే పాలు ఆపి, ఎక్స్‌రే తీస్తారు. ఒకటి రెండు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టడం చాలాసార్లు ముందుజాగ్రత్తే.

బరువు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి వారంలో నీరు పోయి బరువు పది శాతం దాకా, మరీ చిన్నవాళ్లలో ఇంకాస్త, తగ్గుతుంది. పుట్టినప్పటి బరువుకు తిరిగి రావడానికి పది నుంచి 14 రోజులు పడుతుంది. ఆ తర్వాత కిలోకు రోజుకు 15 నుంచి 20 గ్రాముల పెరుగుదల బాగున్నట్టు. ఒక్కరోజు 20 గ్రాములు తగ్గిందని ఏడవక్కర్లేదు. విరేచనమైందా, ఏ వేళ తూచారు, ప్లాస్టర్లు తీశారా లేదా అన్నదాన్ని బట్టే అంత తేడా వస్తుంది. వారం మొత్తం గీత ఎటు పోతోందో చూడండి.

ఛాతీ మీద బిడ్డ

కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక, అంటురోగాలతో పసివాళ్లు చనిపోతుంటే ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరు తల్లి ఛాతీకే బిడ్డను కట్టే పద్ధతి మొదలుపెట్టారు. గతిలేక పుట్టిన ఆ పద్ధతే కంగారూ కేర్. ఇప్పుడు అన్ని వసతులున్న ఆస్పత్రుల్లోనూ అదే ఇస్తున్నారు. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా ఆస్పత్రుల్లో జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలు కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెడితే, 28 రోజుల్లోపు మరణాలు 25 శాతం తగ్గాయని అందులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీన్ని రోజుకు ఎనిమిది నుంచి 24 గంటలు, ఎంత ముందుగా వీలైతే అంత ముందుగా మొదలుపెట్టమని చెప్పింది. 'బరువు పెరిగాక ఎత్తుకోండి' అన్న పాత మాట ఇప్పుడు చెల్లదు.

ఎలా చేయాలంటే, ముందు మీరు మూత్రానికి వెళ్లి, నీళ్లు తాగి, ముందువైపు తెరుచుకునే వదులు దుస్తులు వేసుకోండి. అత్తరు, క్రీములు వద్దు. బిడ్డకు డైపర్, టోపీ, మేజోళ్లు చాలు. వెనక్కి వాలే కుర్చీలో కూర్చుంటే నర్సు బిడ్డను ఎత్తి రొమ్ముల మధ్య నిలువుగా పెడతారు. బిడ్డ తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కాస్త పైకి ఉండాలి. చేతులు, కాళ్లు ముడిచి, తొడలు ఎడంగా ఉండాలి. పొట్ట మీ పొట్టకు పైభాగంలో ఆనాలి. సాగే గుడ్డ పట్టీ బిడ్డ చెవి కిందివరకు వచ్చేలా కట్టి, ట్యూబ్‌ను మీ భుజానికి ప్లాస్టర్‌తో అంటించాలి.

ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. కాసేపటికి బిడ్డ కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. శ్వాసనాళం మడతపడి ఆక్సిజన్ అంకె మెల్లగా దిగుతుంది. 'బిడ్డకు పడలేదు' అనుకుని తీసేయడం కంటే, తల సరిచేసి పట్టీ బిగిస్తే చాలాసార్లు అంకె పైకొస్తుంది. ఒకసారి పెట్టుకుంటే కనీసం గంట కదపకండి. మంచం నుంచి ఛాతీకి మార్చడమే బిడ్డకు పెద్ద శ్రమ. పావుగంటలో తిరిగి పెట్టేస్తే శ్రమ మిగులుతుంది, ఫలితం మిగలదు. సీప్యాప్ ఉన్నా, ట్యూబ్ ఉన్నా చేయొచ్చు. వెంటిలేటర్ మీదున్న బిడ్డకు కూడా అనుభవమున్న వార్డుల్లో చేయిస్తారు. రక్తపోటు నిలవని బిడ్డకు డాక్టరు కొన్నాళ్లు ఆగమనవచ్చు. నాన్న ఛాతీ అమ్మ ఛాతీ అంతే వెచ్చన. అమ్మ ఆపరేషన్ నుంచి కోలుకునే రోజుల్లో మొదటి వంతు ఆయనదే కావచ్చు. జలుబు, జ్వరం, ఛాతీ మీద పొక్కులు ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పి ఆగాలి.

ఎత్తుకోలేని రోజుల్లో చెయ్యి ఉంది. ఇంక్యుబేటర్ కిటికీలోంచి ఒక అరచెయ్యి తల మీద, ఇంకో అరచెయ్యి ముడిచిన పాదాల మీద పెట్టి కదలకుండా ఉంచండి. నిమరొద్దు. 26 వారాల చర్మానికి నిమరడం గీసినట్టు ఉంటుంది. నిశ్చలంగా ఉన్న చెయ్యి హాయినిస్తుంది. మడమ నుంచి రక్తం తీసేటప్పుడు ఇలా పట్టుకుంటే బిడ్డకు నొప్పి తగ్గుతుందని తెలిసిందే, కాబట్టి 'మేము పట్టుకుంటాం' అని అడగండి. వేళ్లు విప్పి చాచడం, వరసగా ఆవలింతలు, తుమ్ములు, వెక్కిళ్లు, ముఖం తిప్పేసుకోవడం, చర్మం మచ్చలు మచ్చలుగా మారడం, ఇవన్నీ 'ఇక చాలు' అనే సైగలు. చేతిని నోటి దగ్గరకు తెచ్చుకోవడం, మీ వేలు పట్టుకోవడం, కళ్లు నిదానంగా తెరవడం 'బాగుంది' అనే సైగలు.

చేతుల శుభ్రత గురించి ఒక్క మాట. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి మోచేతుల దాకా కడగాలి. కడుక్కున్న చేత్తోనే మళ్లీ ఫోన్ పట్టుకుంటే కడిగిన ఫలితం పోతుంది. ఎవరైనా, డాక్టరైనా సరే, చేతులు శుభ్రం చేసుకోకుండా బిడ్డను ముట్టబోతే గుర్తుచేయడానికి మొహమాటపడొద్దు.

మధ్యలో వచ్చే పరీక్షలు

తలకు అల్ట్రాసౌండ్ మొదటి వారం పది రోజుల్లో తీస్తారు. మెదడులో రక్తస్రావం జరిగితే ఎక్కువగా మొదటి 72 గంటల్లోనే జరుగుతుంది. నాలుగు దశలుంటాయి, మొదటి రెండూ చాలావరకు తమంతట తామే సర్దుకుంటాయి. దశ ఏదో, మళ్లీ స్కాన్ ఎప్పుడో అడిగి రాసుకోండి. కామెర్లకు నీలి లైటు దాదాపు అందరికీ పెడతారు. రక్తం ఎక్కించాలన్నప్పుడు బెదిరిపోవద్దు. కిలో బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఒక చిన్న టీ కప్పంత, సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్లు. పరీక్షలకు కొద్దికొద్దిగా తీసినా అది తరుగుతుంది, ఎముక మజ్జ అంత త్వరగా తయారుచేయలేదు.

రోజూ డాక్టర్లు రౌండ్లకు వచ్చే వేళకు ఉండి, మూడు విషయాలు అడగండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఇవాళ దేనికోసం చూస్తున్నారు? మేము ఏం చేయొచ్చు? జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నిద్రలేని మెదడుకు సాయంత్రానికి ఏదీ గుర్తుండదు.

సీసా, రొమ్ము, తొందర

ఇంటికి వెళ్లే ముందు చివరి అడ్డంకి సాధారణంగా పాలు తాగడమే. తాగడమంటే బిడ్డకు పరుగెత్తినంత పని. మెలకువగా ఉండి, తల అటూ ఇటూ తిప్పుతూ, నోరు తెరుస్తూ, చెయ్యి చప్పరిస్తుంటే సిద్ధమన్నమాట. నిద్రలో ఉన్న బిడ్డ నోట్లో టైమయిందని పాలసీసా పీక పెట్టడం వృథా. మొదట పంపుతో ఖాళీ చేసిన రొమ్ము దగ్గర పెడతారు. చప్పరించడం అలవాటవుతుంది, ధార గొంతులో పడదు. తర్వాత రోజుకు ఒకటి రెండు సార్లు నోటితో, మిగతావి ట్యూబ్‌తో. అలా పెంచుతూ పోతారు.

సీసా అయితే బిడ్డను ఒత్తిగిల పడుకోబెట్టి, తల కాస్త ఎత్తుగా ఉంచి, నెమ్మదిగా కారే పీక వాడాలి. మూడు నాలుగు గుటకల తర్వాత బిడ్డ ఊపిరికి ఆగకపోతే సీసాను కొంచెం కిందికి వంచి ధార ఆపాలి. కనుబొమలు పైకి లాగడం, వేళ్లు చాచడం, పెదాల పక్క నుంచి పాలు కారడం, ముక్కుపుటాలు ఎగరడం కనిపిస్తే ఆపండి. మిగిలిన పది మిల్లీలీటర్ల కోసం సీసా ఊపడం, బుగ్గలు నొక్కడం చాలామంది చేసే పని, చేయకూడని పని కూడా. పాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఇంకా ముఖ్యంగా, తాగడమంటే భయమని బిడ్డ నేర్చుకుంటుంది. అరగంటకు మించి తాగిస్తే వచ్చే కేలరీలు ఆ శ్రమకే ఖర్చవుతాయి. మిగిలింది ట్యూబ్‌లో పోయనివ్వండి, అది ఓటమి కాదు.

బయల్దేరే ముందు వారం

ఇంక్యుబేటర్ నుంచి మామూలు మంచానికి సాధారణంగా 1,600, 1,800 గ్రాముల ప్రాంతంలో మారుస్తారు. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. అక్కడ నిలుస్తూ బరువు పెరగడం ఆగిపోతే, తిన్నదంతా వెచ్చదనానికే పోతోందని అర్థం. మళ్లీ కొన్నాళ్లు ఇంక్యుబేటర్‌లో పెట్టొచ్చు.

ఎన్‌ఐసీయూలో బిడ్డను బోర్లా పడుకోబెట్టడం చూసి ఉంటారు. ఊపిరికి అది సాయపడుతుంది, పక్కన మానిటర్ ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇంట్లో మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పరుపు మీద, దిండు, బొంత, బొమ్మలు లేకుండా పడుకోబెట్టాలి. డిశ్చార్జ్‌కు కొన్ని వారాల ముందే వెల్లకిలా అలవాటు చేయమని అడగండి.

ఒకటి రెండు రాత్రులు ఆస్పత్రిలోనే బిడ్డతో ఒక గదిలో ఉండే వీలుంటే వదులుకోవద్దు. మందు సిరంజిలో కొలవడం, థర్మామీటర్ చూడటం, పాలు కలపడం అన్నీ అక్కడ మీరే చేసి, అనుమానాలు తీర్చుకోండి. ఊపిరి, గుండె ఆగితే ఛాతీ నొక్కి, నోటితో గాలి ఊదే సీపీఆర్ పసిబిడ్డకు ఎలా చేయాలో బొమ్మ మీద ఇద్దరూ చేసి చూడాలి. వీడియో చూస్తే చెయ్యికి రాదు. కారు సీటులో తీసుకెళ్లేవాళ్లు అందులో 90 నుంచి 120 నిమిషాలు కూర్చోబెట్టి ఊపిరి చూసే పరీక్ష గురించి అడగాలి. తల ముందుకు వాలి ఆక్సిజన్ పడిపోయే బిడ్డలు ఉంటారు. ఐరన్, విటమిన్ డి చుక్కలు దాదాపు అందరికీ రాస్తారు. టీకాలు పుట్టిన తేదీ లెక్కన వేయాలి, సవరించిన వయసు (డాక్టరు ముందు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కించే వయసు) లెక్కన కాదు. పుట్టినప్పుడు రెండు కిలోల లోపు ఉన్న బిడ్డల్లో హెపటైటిస్ బి మొదటి మోతాదు వేళ మాత్రం మారవచ్చు. నవ్వడం, బోర్లాపడటం, కూర్చోవడం లాంటి ఎదుగుదలను సుమారు రెండేళ్ల వరకు సవరించిన వయసుతో చూడాలి.

ఈ వారాల్లో అమ్మకే కాదు, నాన్నకూ నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం, బిడ్డ దగ్గరకు వెళ్లాలంటే భయం వేయడం జరుగుతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది, ఎన్‌ఐసీయూ డాక్టరుకే చెప్పి సాయం అడగొచ్చు. బంధువులకు కబురు చెప్పే పని ఒక్కరికి అప్పగిస్తే రోజుకు పది ఫోన్లు తప్పుతాయి.

ఇంటికి వచ్చాక వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఊపిరి ఆగడం, పెదవులు నీలంగా మారడం, డొక్కలు ఎగరేయడం, నిమిషానికి 60 దాటిన ఊపిరి తగ్గకపోవడం, రెండు విడతలు వరసగా పాలు తాగకపోవడం, ఆకుపచ్చ వాంతి, ఉబ్బిన పొట్ట, మూర్ఛ, లేపినా లేవని మగత. ఒంటి వేడి 38 దాటినా వెళ్లాలి. 36.5 కంటే తగ్గితే ఛాతీకి హత్తుకుని కప్పి, గంటలో పెరగకపోతే బయల్దేరాలి. నెలలు నిండని బిడ్డలకు ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరంకంటే ఒళ్లు చల్లబడటమే ముందు కనిపించవచ్చు.

డిశ్చార్జ్ కాగితంలో మందుల మోతాదు, చివరి బరువు, తల చుట్టుకొలత, స్కాన్ ఫలితం, వినికిడి పరీక్ష ఫలితం ఉన్నాయో లేదో చదివి చూసుకోండి. అన్నిటికంటే కంటి పరీక్ష తేదీ. మొదటిది సాధారణంగా పుట్టిన నాలుగో వారం ప్రాంతంలో చేస్తారు, మరీ ముందుగా పుట్టినవాళ్లకు లెక్క వేరుగా ఉంటుంది. రెటీనా పూర్తిగా ఎదిగిందని డాక్టరు చెప్పేదాకా వారానికో రెండు వారాలకో మళ్లీ చూపించాలి. రెటీనా రక్తనాళాల జబ్బు ముదిరిందని తేలితే 72 గంటల్లోపు లేజరో ఇంజెక్షనో ఇవ్వాల్సి ఉంటుంది. ఆలస్యమైతే చూపు పోవచ్చు, పోయిన చూపు తిరిగి రాదు. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది, బిడ్డ ఇంటికొచ్చిన సంబరంలో తప్పిపోయే పరీక్ష కూడా ఇదే. కాగితం మీద 'తర్వాత చూపించండి' అని మాత్రమే ఉంటే, తేదీ, చోటు, డాక్టరు పేరు రాయించుకున్నాకే వార్డు నుంచి కదలండి.